కాశీనగరం పక్క పల్లెలో ఉంటున్నాం, ఇంట్లో మందుల డబ్బాలో ఏటేటి ఉంచుకోవాలి?

కాశీనగరం_కోడలు:

నమస్కారం అండి. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగరం పక్క పల్లె. ఇంట్లో నేను, మా అత్త, మూడేళ్ళ గుంటడు. మా ఆయన విశాఖలో పని చేస్తారు, పండక్కో పబ్బానికో వస్తారు. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. పగలంతా ఇంట్లో అత్తా, పిల్లాడే.

పగలు ఏదైనా అయితే కాశీనగరం ఆసుపత్రి ఉంది. రాత్రిపూట, అందులోనూ వానాకాలం, బండి దొరకదు. పర్లాకిమిడి పెద్దాసుపత్రికి పోవాలంటే తెల్లారాల్సిందే. అందుకని జ్వరం, విరేచనాలు, దగ్గు, కడుపుమంట, చిన్న దెబ్బలు ఇలాంటివాటికి డాక్టరు చీటీ లేకుండా ఉంచుకోగలిగే మందులు ఒక డబ్బాలో సర్దుదామనుకుంటున్నాను.

నా ఇబ్బంది ఏటంటే, మా అత్త తెలుగు బాగా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. అట్టల మీద అంతా ఇంగ్లీషే. ఎర్రగోలీ బీపీకి, చిన్న తెల్లది షుగరుకి, పెద్ద తెల్లది జ్వరానికి అని రంగూ సైజూ చూసి గుర్తుపెట్టుకుంటుంది. నేను లేనప్పుడు పిల్లాడికి జ్వరమొస్తే మందు వెయ్యాల్సింది ఆవిడే. ఇప్పుడు గోడకి తగిలించిన ఒక కవరు ఉంది. అందులో సగం వాడిన సిరప్పులు, కత్తిరించిన అట్ట ముక్కలు, ఎప్పటివో కంటి చుక్కలు. అది చూస్తేనే నాకు భయం వేస్తోంది.

పిల్లాడు 12 కిలోలు, మొన్ననే అంగన్‌వాడీలో తూచారు. అత్తకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఏవి ఉంచాలి, ఎంతివ్వాలి, ఎలా సర్దాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_మాస్టారు:

అమ్మా, మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవి రాస్తున్నాను. జ్వరానికి డోలో 650, ఒంటినొప్పులకి కాంబిఫ్లామ్, జలుబుకి సినారెస్ట్, కడుపుకి డైజీన్, విరేచనాలు కట్టడానికి లోపరమైడ్, దెబ్బలకి బీటాడిన్, అమృతాంజనం, దగ్గుకి ఒక సిరప్పు. అజిత్రోమైసిన్ కూడా ఒక అట్ట ఉంచుతాం, జ్వరం మూడోరోజుకీ దిగకపోతే అది మొదలుపెడతాం.

మేం టౌన్లో ఉంటాం కాబట్టి షాపులు దగ్గరే. పిల్లలకి ఎంతివ్వాలో మాత్రం నాకూ ఎవరైనా చెప్పాలి, సెలవులకి మనవడొస్తాడు.

పర్లాకిమిడి_బాబాయి:

కోడలమ్మా, గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైరైనవాణ్ణి. కౌంటరు అవతల మన తెలుగు ముసలమ్మలు గోలీల్ని రంగు చెప్పి అడగడం నా ఉద్యోగమంతా చూశాను. అందుకే నీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడింది మీ అత్తగారి సంగతి. డబ్బా ఎవరు తెరుస్తారో వాళ్ళకి తగ్గట్టు ఉండాలి. కరెంటు లేని రాత్రి, పిల్లాడు ఏడుస్తుంటే, సెల్లు లైటు వెలుతురులో చదవాల్సిన డబ్బా అది. కాబట్టి మందులు తక్కువ ఉండాలి, ప్రతిదాని మీదా తెలుగులో పెద్ద అక్షరాలు ఉండాలి.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది: అత్తగారు రోజూ వేసుకునే బీపీ, షుగరు గోలీలు ఈ డబ్బాలో పెట్టొద్దు. వాటికి వేరే డబ్బా, వేరే చోటు. కంపెనీ మారితే గోలీ రంగు మారిపోతుంది. చిన్న తెల్లది షుగరుకి, పెద్ద తెల్లది జ్వరానికి అనే లెక్క ఏదో ఒక రోజు తప్పుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు గోలీ ఒక్కటి మూడేళ్ళ పిల్లాడు మింగినా షుగరు బాగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ డబ్బా పిల్లాడికి అందని ఎత్తులో, గడియ ఉన్న అల్మారాలో ఉండాలి. ఒకవేళ మింగాడని అనుమానం వచ్చినా సరే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఆగకుండా ఆ అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పోవాలి.

ఇక చీటీ సంగతి. మన దేశంలో చీటీ లేకుండా కొనొచ్చు అని చట్టం వేరుగా రాసిచ్చిన జాబితా లేదు. చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అనే జాబితాలు ఉన్నాయి, వాటిలో లేనివి మామూలుగా అమ్ముతారు. ఇంగ్లీషు రానివాళ్ళకి కూడా ఒక గుర్తు ఉంది: అట్ట మీద నిలువుగా ఎర్ర గీత. యాంటీబయాటిక్కుల మీద ఆ గీత చూసుకోమని 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. మీ అత్తగారిని కూచోబెట్టి ఆ గీత ఒకసారి చూపించు. గీత ఉన్నది డాక్టరు చెప్తేనే అని ఆవిడకి తెలిస్తే సగం భయం తీరిపోతుంది.

మాస్టారూ, మీ అజిత్రోమైసిన్ ఆ కోవలోదే. మూడోరోజుకీ దిగని జ్వరం అంటే రక్తపరీక్ష చెయ్యాల్సిన జ్వరం. వైరస్ జ్వరానికి ఆ గోలీ పనిచెయ్యదు, మలేరియాకీ అది మందు కాదు, టైఫాయిడ్ అయితే అరకొరగా వాడి రోగాన్ని మొండిచేసుకుంటాం. దయచేసి ఇంట్లోంచి తీసెయ్యండి.

ఇప్పుడు పారాసిటమాల్. ఇది డబ్బాకి పెద్దదిక్కు. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ దీంతోనే.

పిల్లలకి లెక్క వయసుతో కాదు, బరువుతో. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక్కో మోతాదు. మీ 12 కిలోల వాడికి 120 నుంచి 180 మధ్య, అంటే 150 అనుకో. షాపులో ఇది మూడు రకాల సీసాల్లో దొరుకుతుంది. 5 మి.లీ.లో 125 ఉండే సిరప్పు అయితే 6 మి.లీ. ఇవ్వాలి. 5 మి.లీ.లో 250 ఉండేదైతే 3 మి.లీ. చాలు. పసిపిల్లల చుక్కల సీసాలో ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది, అది ఒకటిన్నర మి.లీ. మాత్రమే. చుక్కల సీసా మందుని సిరప్పు అనుకుని 5 మి.లీ. చెంచాతో పోస్తే పిల్లాడి కడుపులోకి 500 పోతుంది, పెద్ద మనిషి గోలీ అంత. అందుకని ఇంట్లో ఒక్క రకం సీసాయే ఉంచు, చుక్కల సీసా అసలు వద్దు. వంటింటి చెంచాతో కొలవొద్దు, ఒక్కో చెంచా ఒక్కోలా ఉంటుంది. సీసాతో వచ్చే మూతగాని, గీతలున్న సిరంజి (సూది లేకుండా) గాని వాడు. ఆ సిరంజి మీద 3 దగ్గరో 6 దగ్గరో మార్కరుతో గీత గియ్యి, అత్తగారు చదవాల్సిన పనే ఉండదు. మోతాదుకీ మోతాదుకీ ఆరుగంటల ఎడం, రోజుకి నాలుగుసార్లు మించొద్దు. ఇచ్చిన టైము ఒక కాగితం మీద రాయండి. నువ్వు బడి నుంచి వచ్చి, ఇచ్చారో లేదో తెలీక మళ్ళీ ఇవ్వడం అనేది చాలా ఇళ్ళల్లో జరిగే సంగతి.

పెద్దవాళ్ళకి 500 గాని 650 గాని ఒకటి, మళ్ళీ ఆరుగంటల తర్వాతే. రోజంతా కలిపి 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. బక్కపల్చటి ముసలివాళ్ళకి, తాగుడు అలవాటున్నవాళ్ళకి అంతకన్నా చాలా తక్కువలో ఆపాలి, లివరు దెబ్బతింటుంది. మాస్టారి జాబితాలో డోలో, కాంబిఫ్లామ్, సినారెస్ట్ అని మూడు పేర్లున్నాయి. మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది: 650, 325, 500. జ్వరం, ఒంటినొప్పి, జలుబు మూడూ ఒకేసారి వచ్చిందని మూడూ వేసుకుంటే ఒక్క పూటకే 1475. మూడు పూటలు వేసుకుంటే 4000 దాటిపోయింది. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మందు అసలు పేరు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం చూడాల్సింది ఆ చిన్న అక్షరాలు. కోడలమ్మా, నువ్వు డబ్బాలో పెట్టే ముందు ఆ పేరే తెలుగులో రాసి అతికించు: పారాసిటమాల్, జ్వరానికి.

మీ ఇంట్లో కాంబిఫ్లామ్, సినారెస్ట్ రెండూ వద్దు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫేన్ ఉంది. బీపీ మందులు వాడే షుగరు మనిషికి కిడ్నీల మీద భారం, కడుపులో పుండు పడొచ్చు, డెంగీ జ్వరమైతే రక్తస్రావం. జలుబు గోలీల్లో ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ బీపీ పెంచుతుంది. మీ అత్తగారికి జలుబు చేస్తే ఆవిరి పట్టడం, అవసరమైతే పారాసిటమాల్, అంతే.

నిమెసులైడ్ అని ఒకటి ఇంకా కొందరు జ్వరానికి ఇస్తుంటారు. 12 ఏళ్ళలోపు పిల్లలకి దాన్ని మన ప్రభుత్వం 2011లోనే ఆపేసింది. ఆస్పిరిన్ కూడా పిల్లల జ్వరానికి వద్దు.

తర్వాత ఓఆర్‌ఎస్. ఈ పొట్లం మీద నాకున్న గౌరవం ఇంకే మందు మీదా లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు బన్‌గావ్ శిబిరంలో కలరాతో పోతున్నప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి తాగించారు. నూటికి 30 మంది చచ్చిపోతున్నచోట అది నలుగురికన్నా తక్కువకి దిగింది. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. పొట్లం కొనేటప్పుడు లీటరు నీళ్ళకి సరిపోయే 20.5 గ్రాముల పొడి, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడు. మొత్తం పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. గ్లాసుడు నీళ్ళలో సగం పొట్లం అనే అలవాటు మంచిది కాదు, ఉప్పు ఎక్కువై పిల్లాడికి హాని చేస్తుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యి. విరేచనం అయిన ప్రతిసారీ మీ వాడికి 100 నుంచి 200 మి.లీ., చెంచా చెంచాగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా. తిండి ఆపొద్దు.

అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పళ్ళరసాలు ఓఆర్‌ఎస్ కావు. చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. అయినా పాత సరుకు కొట్ల అల్మారాల్లో ఉండొచ్చు, చూసి కొను.

పొట్లం అయిపోతే ఇంట్లో చేసుకోవచ్చు: లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అంచుకి సమంగా గీసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఓఆర్‌ఎస్‌తోపాటు జింకు గోలీ 20 మిల్లీగ్రాములది, రోజుకి ఒకటి చొప్పున 14 రోజులు. విరేచనాలు ఆగిపోయినా ఆపకూడదు, తర్వాతి నెలల్లో మళ్ళీ రాకుండా కాపాడుతుంది. ఈ రెండూ, పారాసిటమాలూ గవర్నమెంటు ఆసుపత్రిలో నిరామయ అనే ఒడిశా ఉచిత మందుల పథకం కింద ఊరికే ఇస్తారు, అడిగి తెచ్చుకో. లోపరమైడ్ పిల్లలకి అసలు వద్దు. మలంలో రక్తం గాని జ్వరం గాని ఉంటే పెద్దవాళ్ళకీ వద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కడుపుమంటకి నమిలే యాంటాసిడ్ గోలీలు, వేరే గోలీలకి రెండు గంటల ఎడం పెట్టి. దద్దుర్లకి, దురదకి సెట్రిజిన్ 10, ఇది పెద్దవాళ్ళకి మాత్రమే. దీని మీద కూడా ఎర్ర గీత ఉంటుంది కాబట్టి డాక్టరు ఒకసారి చూసి సరే అన్నాక పెట్టుకో, మత్తు వస్తుంది. పొవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంటు చిన్న ట్యూబు, దూది, గాజుగుడ్డ, కట్టుగుడ్డ, అతికించే పట్టీలు, చిన్న కత్తెర, డిజిటల్ థర్మామీటరు. బీటాడిన్ కన్నా ముందు సబ్బు, నీళ్ళు. షుగరు మనిషి ఉన్న ఇంట్లో గ్లూకోజు పొడి ఒక పొట్లం తప్పనిసరి. చెమటలు పట్టి, వణుకొచ్చి, మాట తడబడితే మూడు టీస్పూన్లు నీళ్ళలో కలిపి ఇచ్చి పావుగంట చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పొయ్యకూడదు, 108.

దగ్గు సిరప్పు కొనకు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్పు తాగి 20 మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు పోయి చనిపోయారు. రాసేటప్పుడు కూడా చెయ్యి ఆగిపోతోంది. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దు, ఐదేళ్ళలోపు కూడా మామూలుగా వద్దు అని మళ్ళీ చెప్పింది. జలుబు దగ్గు దానంతట అదే తగ్గుతుంది. ముక్కులో ఉప్పునీటి చుక్కలు వెయ్యి, ఏడాది దాటిన పిల్లాడు కాబట్టి పడుకునే ముందు అర టీస్పూను తేనె ఇవ్వొచ్చు. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా సిరప్పుల గొడవే వద్దు, ఆసుపత్రి.

కొండకింద_సిస్టర్:

బాబాయి గారు మందుల గురించి అంతా చెప్పేశారు. నేను రాయగడ జిల్లాలో నర్సుగా చేస్తున్నాను, డబ్బా మూసేసి బయల్దేరాల్సిన సంగతులు చెప్తాను.

అక్కా, మన కొండ జిల్లాల్లో జ్వరం అంటే ముందు మలేరియానే అనుకోవాలి. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి అన్నీ అంతే. పారాసిటమాల్ ఒళ్ళు చల్లబరుస్తుంది గాని రక్తంలో ఉన్న పురుగుని ఏమీ చెయ్యదు. గోలీ వేస్తే దిగుతోంది, మళ్ళీ వస్తోంది అని మూడు రోజులు ఇంట్లో ఉంచేస్తారు. ఫాల్సిపారం రకమైతే ఆ మూడు రోజుల్లోనే మెదడుకి ఎక్కిపోతుంది. మూర్ఛలొచ్చి, స్పృహ లేకుండా భుజం మీద వేసుకొచ్చిన పిల్లల్ని నేను చూస్తుంటాను. తల్లి అప్పుడు కూడా "జ్వరం మందు వేశాం సిస్టర్" అంటుంది.

మీ ఆశా దీదీ దగ్గర పరీక్ష కిట్టు ఉంటుంది. వేలి చివర ఒక్క చుక్క రక్తం, ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది. మలేరియా అని తేలితే మందు కూడా ఊరికే ఇస్తారు. దూరపు పల్లెల కోసం ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అని కార్యక్రమం పెట్టింది, జ్వరం లేనివాళ్ళకి కూడా ఊరంతా పరీక్షలు చేస్తారు. జ్వరం వచ్చిన రోజే దీదీని పిలిపించండి. పరీక్ష చేశాక పారాసిటమాల్ వేసుకున్నా, ముందు వేసుకున్నా పరవాలేదు, పరీక్ష మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. మిగిలిపోయిన మలేరియా గోలీలు డబ్బాలో దాచకండి. వైవాక్స్ రకానికి ప్రిమాక్విన్ 14 రోజులు వేసుకోమంటే, నాలుగో రోజుకి బాగుందని ఆపేసి మిగిలినవి పక్కింటివాళ్ళకి ఇస్తున్నారు. ఇద్దరికీ నష్టం.

పిల్లాడు పాలూ నీళ్ళూ తాగలేకపోతున్నా, తాగినవన్నీ కక్కేస్తున్నా, లేపినా మత్తుగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, ఒంటేలు చాలాసేపటి నుంచి పొయ్యకపోయినా, మలంలో రక్తం ఉన్నా, రాత్రి అని చూడకుండా 108కి కొట్టండి. డెంగీలో జ్వరం దిగిన రోజే కడుపునొప్పి, వాంతులు మొదలైతే ఇంకా భయపడాలి. తగ్గిపోయింది కదా అనుకుంటారు, ప్రమాదం అప్పుడే.

పాము కరిస్తే మీ డబ్బాలో దానికి మందు లేదు. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. గాజులు, మెట్టెలు, ఉంగరాలు తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా కర్రకి కట్టి ఆసుపత్రికి. మంత్రం వేసే గురువు దగ్గరికి ముందు, ఆసుపత్రికి తర్వాత అంటే ఆ మధ్యలో మనిషి పోతాడు. కుక్క కరిస్తే మాత్రం డబ్బాలో ఉన్న సబ్బే మొదటి మందు. పారే నీళ్ళ కింద పావుగంట కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. ఆ రోజే మొదటి సూది వేయించాలి, మిగతావి చెప్పిన తేదీలకి తప్పకుండా వేయించాలి.

బరంపురం_పెద్దమ్మ:

అన్నిటికీ గోలీలేనా నాయనా? మా ఇంట్లో వాము, శొంఠి, మిరియాలు, తులసి లేని రోజు లేదు. పిల్లలకి జలుబు చేస్తే కర్పూరం, వాము గుడ్డలో మూటకట్టి మెడలో వేస్తాం, రాత్రి హాయిగా పడుకుంటారు. కాస్త అజీర్తికి వాము నమిలితే చాలు. ఇవి కూడా రాయండి.

కాశీనగరం_కోడలు:

బాబాయి గారూ, సిస్టర్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు దండాలు. అత్తకి చదివి వినిపించాను. సిరంజి మీద గీత గియ్యడం ఆవిడకి బాగా నచ్చింది. ఇంకొన్ని అడుగుతాను. కర్పూరం మూట మా అత్త కూడా కడుతుంది, అది పరవాలేదా? ఒళ్ళు కాలితే టూత్‌పేస్టు రాస్తుంది. గోడ మీద కవరులో ఉన్నవన్నీ ఏం చెయ్యను, వంశధారలో పారెయ్యనా? డబ్బా ఎక్కడ పెట్టాలి, మాది రేకుల ఇల్లు, వేసవిలో కొలిమే. తామరకి ఒక క్రీము రాస్తుంటే తగ్గి మళ్ళీ వస్తోంది, అది కూడా డబ్బాలో ఉంచాలా?

పర్లాకిమిడి_బాబాయి:

పెద్దమ్మగారి వాము, శొంఠి మీద నాకేమీ పేచీ లేదు. పెద్దవాళ్ళకి గొంతు గరగరకి మిరియాల పాలు నేనూ తాగుతాను. కర్పూరం సంగతి మాత్రం వేరు. పసిపిల్లాడు మూట విప్పి చిన్న ముక్క నోట్లో వేసుకున్నా మూర్ఛలు వస్తాయి. రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర కర్పూరం, బామ్‌లు ఊపిరికి ఇబ్బంది చేస్తాయి. మూడేళ్ళవాడు ఏదైనా విప్పగలడు, కాబట్టి మెడలో మూట తీసెయ్యి. అమృతాంజనం పెద్దవాళ్ళ తలనొప్పికి ఉంచుకో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినప్పటి నుంచి మన తెలుగిళ్ళల్లో ఉంది, నా బల్ల మీదా ఉంది. పిల్లాడికి మాత్రం అందనివ్వకు.

కాలితే టూత్‌పేస్టు, ఇంకు, నూనె, ఐసు ఏవీ వద్దు. కుండలో నీళ్ళైనా సరే, చల్లటి నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. పదంటే పది నిమిషాలకే ఆపేస్తారు, గడియారం చూసుకోమను. తర్వాత ఉతికిన పల్చటి గుడ్డ వదులుగా కప్పాలి. బొబ్బ చిదమొద్దు. ముఖం, చేతులు, లేకపోతే పిల్లాడి అరచెయ్యి కన్నా పెద్ద మేర కాలితే ఆసుపత్రి.

కవరులోవన్నీ నేల మీద పరిచి చూడు. అట్ట ముక్క మీద పేరు లేదా గడువు తేదీ లేదంటే అది మందు కిందికి రాదు, తీసెయ్యి. షాపువాడు అట్ట కత్తిరించి ఇచ్చేటప్పుడు గడువు అచ్చేసిన వైపు అతని దగ్గరే ఉండిపోతుంది. అందుకని పారాసిటమాల్ లాంటివి పూర్తి అట్టే కొను, వాడేటప్పుడు తేదీ లేని వైపు నుంచి చింపు. కంటి చుక్కలు తెరిచి నెల దాటితే పనికిరావు. పొడిలో నీళ్ళు కలిపిన యాంటీబయాటిక్ సిరప్పు మామూలుగా వారమే. సీసా తెరిచిన రోజు తేదీ దాని మీదే రాసే అలవాటు చెయ్యి. నదిలో వద్దు తల్లీ, ఆ నీళ్ళు కింద ఊళ్ళవాళ్ళు తాగుతారు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఫార్మసీలో అడిగి, తీసుకుంటే ఇచ్చెయ్యి. లేదంటే గోలీలు అట్టలోంచి తీసి, బూడిదలోనో వాడిన టీపొడిలోనో కలిపి, కవరులో ముడేసి చెత్తలో వెయ్యి. అట్టలతో సహా పెంటకుప్ప మీద పారేస్తే పిల్లలు ఏరుకుంటారు. కాల్చొద్దు.

రేకుల ఇంట్లో పైన అటక మీద పెడితే మందు ఉడికిపోతుంది. పొయ్యి పక్కనా, ఫ్రిజ్ పైనా, స్నానాల గదిలోనూ వద్దు. ఎండ తగలని లోపలి గదిలో, గోడకి మనిషి ఎత్తులో, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టు. వానాకాలం చెమ్మకి ఓఆర్‌ఎస్ పొడి గడ్డకడుతుంది. గడ్డకట్టి రంగు మారితే వాడొద్దు. మూత మీద లోపలివైపు ఒక కాగితం అంటించు: పిల్లాడి బరువు, మోతాదు, ఆశా దీదీ నంబరు, 108. బరువు పెరిగేకొద్దీ ఆ కాగితం మార్చాలి.

తామర క్రీము పేరు చెప్పలేదు గాని, రాస్తే తగ్గి ఆపితే రెట్టింపై వస్తోందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో చూడు. బెక్లోమెథాసోన్, క్లోబెటాసాల్, బీటామెథాసోన్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దురద రెండు రోజుల్లో పోతుంది గాని తామర లోపల పాకిపోతుంది, చర్మం పల్చబడుతుంది. 2018లో ఈ స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ మీదే అమ్మాలని చేశారు. డబ్బాలో ఉంచకు. ఉత్త క్లోట్రిమజోల్ క్రీము మచ్చ అంచు దాటి కొంచెం బయటికి కూడా రోజుకి రెండుసార్లు రాయాలి, మచ్చ కనబడకుండా పోయాక కూడా మరో రెండు వారాలు. ఇంట్లో అందరికీ ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, తువ్వాళ్ళు వేరుగా ఉండాలి. ఇప్పటికే స్టెరాయిడ్ రాసి ఉంటే చర్మం డాక్టరుకి చూపించు.

రాయగడ_మాస్టారు:

మా మనవడు 18 కిలోలు. ఇంట్లో ఉన్నది 250 రకం సిరప్పు. ఎంత?

పర్లాకిమిడి_బాబాయి:

4 మి.లీ. ఇవ్వండి మాస్టారూ, అంటే 200. జ్వరం బాగా ఎక్కువుంటే 5 వరకు, అది దాటొద్దు. సెలవులకి వచ్చిన రోజు మళ్ళీ తూచండి.